పెరగడం వేరు, ఎదగడం వేరు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)

రక్తవ్యాధుల వైద్యుడిగా నేను సుబ్బారావుగారి పేరు తలుచుకోని రోజులు చాలానే ఉండి ఉంటాయి. ఆయన మందు రాయని వారం మాత్రం లేదు. ఈ వేదిక మీద నిలబడే అవకాశాన్ని ఆ రుణంలో కాస్తయినా తీర్చుకునే వీలుగా భావిస్తున్నాను.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. అందాల్సిన చోట ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. తిన్నది ఒంటబట్టక, రక్తం విరిగిపోయి, మనిషి ఎండిపోయే జబ్బది. 1923లో అమెరికా వెళ్ళారు, మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించారు. అది వైద్య ప్రయోగశాలల్లో ఇద్దరి పేరు మీదే నిలిచింది. కండరాల్లోని శక్తిదాయక పదార్థాలను వెలికితీసినవారిలో ఆయన ఒకరు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళాక బోదకాలు మందు వచ్చింది, ఆరియోమైసిన్ వచ్చింది, ఫోలిక్ ఆమ్లం వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే వెళ్ళిపోయారు.

ఇందులో ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకుని నేను ముందుకు నడుస్తాను. అయితే దానికంటే ముందు ఒక తల్లి నన్నడిగిన ప్రశ్న చెప్పాలి.

1

చాలా ఏళ్ళ కిందటి మాట. నాలుగేళ్ళ పిల్లవాడు. మూడు వారాలుగా జ్వరం. కాళ్ళు నొప్పులని రాత్రిళ్ళు ఏడుపు. మోచేతుల దగ్గర, పిక్కల మీద కమిలిన మచ్చలు. వేలి కొసన తీసిన రక్తపు బొట్టును గాజుపలక మీద పరిచి, లీష్‌మన్ రంగు వేసి, ఆరాక నూనె చుక్క పెట్టి చూశాను. రకరకాల తెల్లకణాలు కనిపించాల్సిన చోట అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. గుండ్రంగా, ముదురు ఊదారంగులో, కణమంతా కేంద్రకమే నిండి, చుట్టూ సన్నని నీలం అంచు.

తల్లి వ్యవసాయ కూలీ. డెల్టా ఊరు. "ఇది ఎక్కణ్ణించి వచ్చిందండీ? నీళ్ళల్లోంచా? తిండిలోంచా? మా ఇంటావంటా లేదే!" అని అడిగింది. ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చూపించాను. "ఇవి బయటినుంచి వచ్చినవి కావమ్మా, మీవాడివే. జబ్బుల మీద పోరాడే కణాలుగా తయారవ్వాల్సినవి. ఎదగడం మానేసి ఊరికే పెరిగిపోతున్నాయి" అన్నాను. ఆమె చాలాసేపు కన్ను తియ్యలేదు. తర్వాత, "యూరియా ఎక్కువైన చేనులాగానా బాబూ? ఏపుగా పెరుగుద్ది, గింజ పట్టదు" అంది.

ఆ మాట నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. మన భాషలో పెరగడం వేరు, ఎదగడం వేరు. "పెరిగాడు గానీ ఎదగలేదు" అని ఇంటింటా అంటాం. రోగనిరోధక కణాల జీవితమంతా ఈ రెండు క్రియల మధ్యే నడుస్తుంది. కణాన్ని పెంచే ఆజ్ఞలూ, ఎదిగించే ఆజ్ఞలూ, చాలు ఆగమనే ఆజ్ఞలూ ఒక గుంపు ప్రోటీన్ల చేతిలో ఉన్నాయి. ఆ ఆజ్ఞలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నంతకాలం మనకు రోగనిరోధక శక్తి ఉంటుంది. ముడి జారితే అదే కణం క్యాన్సర్ అవుతుంది. కాబట్టి వైద్యం చివరికి చేరాల్సిన చోటు ఆ ముడి దగ్గరికే. నా వాదన ఇంతే. మిగిలినదంతా దానికి సాక్ష్యం.

2

కణం రెండుగా చీలాలంటే తన డి.ఎన్.ఎ. మొత్తానికి ఇంకో ప్రతి రాసుకోవాలి. ఆ రాతకు అక్షరాలు తయారు కావాలంటే ఫోలేట్ కావాలి. ఫోలిక్ ఆమ్లం దాని రూపమే. ఎక్కువగా చీలే కణాలున్న చోటే ఆ లోటు ముందు తెలుస్తుంది, అంటే ఎముకల్లోని మూలుగలో. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తహీనతను గమనించింది. మార్మైట్ అనే ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారని 1931లో రాసింది. ఆ సారంలో పనిచేసింది ఫోలేటేనని తర్వాత తేలింది. సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. తోబుట్టువులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు మందు ఆ విధంగా ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వ్యాధినిపుణుడు ల్యుకీమియా, అంటే రక్తక్యాన్సర్, ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు సంయోగాలను ఇచ్చి చూశాడు. రక్తహీనతలో మూలుగను బాగుచేసిన పదార్థం ఇక్కడా బాగుచేస్తుందని ఆశ. కానీ జబ్బు తగ్గకపోగా ఇంకా ఉరవడిగా పెరిగింది. విద్యార్థులు ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక. ఓడిపోయిన ఆ ప్రయోగాన్ని ఫార్బర్ మూలన పడేయలేదు, దాన్ని తిప్పి చదివాడు. ఇస్తే పెరుగుతోందంటే, ఆపితే తగ్గాలి. ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి, దాని స్థానంలో కూర్చుని, దాని పని జరగనివ్వని పదార్థం కావాలి. అలాంటి అమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందమే తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లలకు మందు ఇస్తే 10 మందిలో చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. అది తాత్కాలికమే. కానీ అప్పటిదాకా ఆ జబ్బుతో వచ్చిన పిల్లవాడికి వారాలో నెలలో తప్ప మిగిలేవి కావు. రెండు నెలలకు సుబ్బారావుగారు పోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ప్రతి క్యాన్సర్ వార్డులో ఉంది.

ఫోలేట్ నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. మేతకు మంచి కణం, చెడ్డ కణం అన్న తేడా తెలియదు. ఎవరు చీలుతుంటే వారికే అందుతుంది. కాబట్టి ఏ కణం చీలాలో, ఎప్పుడు మానాలో చెప్పేది మేత కాదు, వేరే ఎవరో ఉన్నారు.

3

ఆ "వేరే ఎవరో" ప్రోటీన్లని తెలిసింది ఆస్ట్రేలియాలో, ఇజ్రాయెల్‌లో. 1960ల నడుమ ఇజ్రాయెల్‌లో లియో సాక్స్ బృందం, మెల్‌బోర్న్‌లో రే బ్రాడ్లీ, డొనాల్డ్ మెట్‌కాఫ్ ఎలుక మూలుగ కణాలను అగార్ జెల్లీలో నాటారు. వట్టి జెల్లీలో అవి చచ్చిపోయాయి. అడుగున వేరే కణజాలపు పొర పరిస్తే ఒక్కొక్క కణం నుంచీ ఒక్కొక్క గుంపు మొలిచింది. అడుగు పొర నుంచి ఊరుతున్న ప్రోటీనే వాటిని బతికిస్తోంది. మెట్‌కాఫ్ తన జీవితమంతా ఆ ప్రోటీన్ల వెంటే నడిచాడు. వాటిని కాలనీ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టర్లు అన్నారు.

వాటిలో ఒకటైన జి-సి.ఎస్.ఎఫ్. 1991లో మందుగా వచ్చింది. కీమో ఇచ్చాక "కౌంట్ పడిపోయింది" అని మేము కంగారుపడే రోజుల్లో చర్మం కిందికి ఇచ్చే చిన్న ఇంజెక్షన్ అదే. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ దాన్ని గ్రాఫీల్ పేరుతో తయారుచేయడం మొదలుపెట్టాక మన రోగులకు అందుబాటులోకి వచ్చింది. మూలుగ రోజుకు పదివేల కోట్ల న్యూట్రోఫిల్‌లను తయారుచేస్తుంది. చీముకు, సెప్టిక్‌కు మొదట ఎదురెళ్ళే కణాలవి. ఆ ప్రవాహం పది రోజులు ఆగితే ఏమవుతుందో కీమో వార్డులో రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

జి-సి.ఎస్.ఎఫ్. గురించి ఎక్కువమంది మరిచిపోయే సంగతి ఒకటుంది. మెట్‌కాఫ్ సహచరులు దాన్ని శుద్ధి చేస్తున్నప్పుడు ఏ సీసాలో ఉందో పట్టుకోవడానికి వాడిన గుర్తు ఒక ఎలుక ల్యుకీమియా కణం. జి-సి.ఎస్.ఎఫ్. తగిలితే ఆ క్యాన్సర్ కణాలు పరిపక్వ కణాలుగా ఎదిగిపోయేవి. పెంచే ప్రోటీనే ఎదిగించే ప్రోటీన్ కూడా అన్నమాట. ఒకే ఉత్తర్వులో రెండు ఆజ్ఞలు. క్యాన్సర్ కణంలో సైతం ఆ రెండో ఆజ్ఞ వినే చెవి పూర్తిగా మూసుకుపోలేదని సాక్స్ అప్పటినుంచీ చెబుతూ వచ్చాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

4

ఇప్పుడు లింఫోసైట్లనే తెల్లకణాల దగ్గరికి వద్దాం. నా వాదనకు గట్టి సాక్ష్యం ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఎక్కువసేపు నిలుస్తాను.

మన శరీరంలో లింఫోసైట్‌కు ఇచ్చినంత స్వేచ్ఛ మరే కణానికీ ఇవ్వలేదు. పుట్టబోయే సూక్ష్మజీవి ఏదో ముందే తెలియదు కనుక, ప్రతి లింఫోసైట్ తన జన్యువులను తానే కత్తిరించి, కొత్తగా అతికించుకుని, తనదైన గ్రాహకం తయారుచేసుకుంటుంది. సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ తెచ్చిన సత్యం ఇది. అలా కత్తిరించుకోవడానికి ముందూ తర్వాతా ఆ కణం విపరీతంగా చీలుతుంది. జన్యువులను కోసుకునే కత్తి, చీలే వేగం ఒకే కణం చేతిలో ఉన్నాయి. ఇంత ప్రమాదకరమైన బాల్యం గడిపే కణం మీద కాపలా ఎంత గట్టిగా ఉండాలో ఊహించండి.

ఆ కాపలాదారుల్లో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-7. 1988లో దాన్ని గుర్తించారు. మూలుగలోనూ, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్‌లోనూ లింఫోసైట్లను ఒడిలో పెట్టుకున్న కణాలు దాన్ని కొంచెం కొంచెంగా ఊరిస్తాయి. కొంచెం కొంచెంగా అన్నది ముఖ్యం. చిన్న లింఫోసైట్ ఆ ప్రోటీన్‌ను అందుకుంటే బతుకుతుంది, చీలుతుంది. ఒకడుగు ఎదిగి తన జన్యువులు కోసుకునే వేళకు ఆ పెరుగుదల సంకేతం తగ్గాలి. నారుమడిలో నీళ్ళు తీసే వేళకు తీయాల్సినట్టే.

ఆ సంకేతం అసలు అందకపోతే ఏమవుతుందో అమెరికాలో హ్యూస్టన్‌లో పుట్టిన డేవిడ్ వెటర్ జీవితం చూపించింది. 1971 సెప్టెంబరులో పుట్టిన ఆ బాబుకు లింఫోసైట్లలో ఒక రకమైన టి-కణాలు లేవు. పుట్టిన కొన్ని క్షణాల్లోనే క్రిములు చొరబడని ప్లాస్టిక్ గుడారంలో పెట్టారు. అన్నం, బొమ్మలు, పుస్తకాలు అన్నీ శుద్ధిచేసి లోపలికి పంపేవారు. తల్లి అతన్ని గుడారానికి అమర్చిన చేతితొడుగుల్లోంచే తాకేది. 12 ఏళ్ళు అలా గడిచాయి. 1983లో అక్క మూలుగను ఎక్కించారు. ఆ మూలుగలో అప్పటి పరీక్షలకు అందని ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంది. అదుపు చేసే టి-కణాలు లేని ఒంట్లో ఆ వైరస్ బి-కణాలనే మరో రకం లింఫోసైట్లను విచ్చలవిడిగా పెంచింది. 1984 ఫిబ్రవరిలో ఆ పిల్లవాడు పోయింది లింఫోమాతో. ఆలోచించండి, రోగనిరోధక కణాలు లేక పుట్టినవాడు రోగనిరోధక కణాల క్యాన్సర్‌తో పోయాడు.

లోపం ఏ జన్యువులో ఉందో 1993లో తెలిసింది. ఇంటర్‌ల్యూకిన్-7తోపాటు మరి కొన్ని పెరుగుదల ప్రోటీన్లు వాడుకునే ఉమ్మడి గ్రాహక భాగం అది. దాన్ని గామా-సి అంటారు. సందేశం వస్తోంది, తలుపు తట్టే చోటు లేదు. సరే, జన్యువు తెలిసింది కదా, మంచి ప్రతిని కణంలో పెడితే? పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో అలాన్ ఫిషర్, మరీనా కవజానా-కాల్వో అదే చేశారు. పిల్లల మూలుగ కణాలను తీసి, రెట్రోవైరస్ సాయంతో మంచి జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించారు. 2000లో ప్రకటించారు. గుడారంలో ఉండాల్సిన పిల్లలు ఇళ్ళకు వెళ్ళారు. ఆ వార్త చదివిన రోజు నా వార్డులో నర్సులందరికీ చదివి వినిపించాను.

మూడేళ్ళు తిరక్కుండానే రెండో వార్త వచ్చింది. పారిస్‌లో కొందరికి టి-కణ ల్యుకీమియా. లండన్‌లో అలాగే చికిత్స పొందినవారితో కలిపి 20 మందిలో అయిదుగురికి వచ్చింది. ఒకరు చనిపోయారు. ఎక్కడ తప్పు? చేర్చిన జన్యువు క్రోమోజోమ్ మీద ఎక్కడ కూర్చుంటుందో ఆ రోజుల్లో మన చేతిలో లేదు. వాళ్ళలో ఎక్కువమందిలో అది ఎల్.ఎం.ఓ.-2 అనే జన్యువు పక్కన కూర్చుంది. ఎల్.ఎం.ఓ.-2 ప్రోటీన్ రక్తకణాల తొలి బాల్యంలో కావాలి. టి-కణం ఎదిగేకొద్దీ దాని నోరు మూతపడాలి. పక్కన చేరిన వైరస్ భాగం ఆ నోరు మూయనివ్వలేదు. కణానికి పెరిగే తలుపు తెరుచుకుంది. బాల్యం దాటే దారి మూసుకుపోయింది.

దీన్ని ఒక ఆసుపత్రి వైఫల్యంగా చూడకూడదు. ఆ వైద్యులు ప్రతి కేసునూ బయటపెట్టారు, ప్రయోగం ఆపారు, కారణం వెతికారు. పక్క జన్యువులను రెచ్చగొట్టకుండా వైరస్‌ను మార్చి, చికిత్సను మళ్ళీ మొదలుపెట్టారు. 2014లో ఆ మార్చిన పద్ధతితో చికిత్స పొందిన తొమ్మిదిమంది ఫలితాలు ప్రకటించేనాటికి వారిలో ఎవరికీ ల్యుకీమియా రాలేదు. వైద్యశాస్త్రంలో నిజాయితీ అంటే ఇది.

ఇంకొక్క సాక్ష్యం. 2011లో బ్రెజిల్, పోర్చుగల్ శాస్త్రవేత్తలు టి-కణ ల్యుకీమియా పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఇంటర్‌ల్యూకిన్-7 గ్రాహకంలోనే మార్పు ఉందని చూపించారు. చాలామందిలో అక్కడ సిస్టీన్ అనే అమైనో ఆమ్లం అదనంగా చేరింది. సిస్టీన్‌లోని గంధకం పక్క గ్రాహకంలోని గంధకంతో ముడివేసుకుంటుంది. రెండు గ్రాహకాలు కలిస్తేనే సంకేతం వెళ్ళాలి. ఇక్కడ ప్రోటీన్ రాకుండానే అవి ఎప్పటికీ కలిసే ఉన్నాయి. ఉత్తరం లేదు, కానీ ఉత్తరం అందిందన్న సంతకం రోజూ పడుతోంది. డేవిడ్‌కు ఏ తలుపు లేక ప్రాణం పోయిందో, ఈ పిల్లలకు అదే తలుపు మూసుకోక ప్రాణం మీదికి వచ్చింది. నా వాదనకు ఇంతకంటే సూటి రుజువు నాకు తెలియదు.

5

ఆపే ప్రోటీన్ల గురించి కొంచెం వేగంగా చెబుతాను. సమయం మీద అధ్యక్షులవారి చూపు పడుతోంది.

ఎదిగే లింఫోసైట్లలో ఎక్కువ భాగం చావడానికే పుడతాయి. థైమస్‌లో నూటికి తొంభై అయిదు పైగా అక్కడే రాలిపోతాయి. పనికిరానివి, సొంత శరీరం మీద తిరగబడేవి అలా పోవాలి కూడా. పెరుగుదల ప్రోటీన్ అందకపోతే కణం చావడం సహజ నియమం. ఫాలిక్యులర్ లింఫోమాలో దొరికిన బి.సి.ఎల్.-2 అనే ప్రోటీన్ ఆ నియమాన్ని తప్పిస్తుంది. 1988లో మెల్‌బోర్న్‌లోనే డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ దాన్ని కణాల్లో పెట్టి, పెరుగుదల ప్రోటీన్‌ను తీసేశారు. కణాలు చీలలేదు, చావనూలేదు. అలాగే కూర్చున్నాయి. క్యాన్సర్ అంటే పెరగడమే కాదు, పోవాల్సిన వేళకు పోకపోవడం కూడా అని మొదటిసారి తెలిసింది. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ 2016 నుంచీ మందుగా ఉంది. ఈ మధ్య వయసు మళ్ళిన రోగులకు మేము తరచూ రాస్తున్నాం.

ఇంటర్‌ల్యూకిన్-2 కథ వింతైనది. 1976లో టి-కణాలను సీసాలో పెంచే ప్రోటీన్‌గా దాన్ని కనుగొన్నారు. దాని జన్యువు తీసేసిన ఎలుకకు టి-కణాలు కరువవుతాయని అందరూ అనుకున్నారు. అయితే 1993లో చూసిందేమిటంటే, ఆ ఎలుకల టి-కణాలు సొంత పేగుల మీదే తిరగబడ్డాయి. కారణం, మిగతావాటిని అదుపులో పెట్టే టి-కణాలు బతికేది ఆ ప్రోటీన్ మీదే. పెంచే ప్రోటీన్ లేకపోతే ఆపేవాళ్ళు కరువవుతారు. ఆ అదుపు కణాలను వెలికితీసినందుకే 2025లో షిమోన్ సకగూచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు నోబెల్ వచ్చింది. టి.జి.ఎఫ్.-బీటా అనే మరో ప్రోటీన్ కూడా లింఫోసైట్లను ఆపేదే. అది లేని ఎలుక పిల్లలు కొన్ని వారాల్లో ఒళ్ళంతా వాపుతో చచ్చిపోతాయి. దాన్నే కణితులు తమ చుట్టూ ఊరించుకుని, దాడికి వచ్చిన టి-కణాలను నిద్రపుచ్చుతాయి. ఏ ఒక్క ప్రోటీన్‌కూ మంచిదనో చెడ్డదనో పేరు పెట్టకండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నదే లెక్క.

6

ఇప్పటివరకు చెప్పినదాన్ని బట్టి క్యాన్సర్ పుట్టాలంటే రెండు తప్పులు కలవాలి. పెరగమన్న సంకేతం ఆగకూడదు, ఎదగమన్న సంకేతం అందకూడదు. అలా కలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ గురించి విని ఉంటారు. 1960లో కనిపించింది. రెండు క్రోమోజోమ్‌ల ముక్కలు అటూ ఇటూ మారడమే దాని మూలమని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. దాని నుంచి బి.సి.ఆర్.-ఏబుల్ అనే ప్రోటీన్ పుట్టి, పెరగమని ఆగకుండా చెబుతూ ఉంటుంది. తీవ్ర లింఫోసైట్ ల్యుకీమియాలో ఈ ప్రోటీన్ ఉన్నవాళ్ళను పరీక్షిస్తే పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఇకారస్ అనే ఇంకో ప్రోటీన్ జన్యువు తెగిపోయి ఉంది. కణాన్ని లింఫోసైట్‌గా ఎదిగించే పెద్దదిక్కు ఇకారస్. ఒక చెయ్యి తోస్తోంది, ఇంకో చెయ్యి దారి మూసింది.

తోసే చేతిని పట్టుకోవడం 2001లో ఇమాటినిబ్‌తో వచ్చింది. 2003లో హైదరాబాదు నాట్కో సంస్థ వీనాట్ పేరుతో తయారుచేశాక ఆ మాత్ర మన సామాన్యుల చేతికి అందింది. పేటెంట్ మీద నడిచిన వ్యాజ్యం 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. ఆ తీర్పు రాకపోతే నా రోగుల్లో ఎంతమంది నెలనెలా మందు కొనుక్కోగలిగేవారో నాకు బాగా తెలుసు.

మూసుకున్న దారిని తెరవడం ఇంకా కష్టమన్నారు. అయినా ఒక జబ్బులో జరిగింది. అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకీమియా. న్యూట్రోఫిల్‌గా ఎదగాల్సిన కణం మధ్యలో ఆగిపోతుంది. లోపలి రేణువులు రక్తం గడ్డకట్టే వ్యవస్థను పాడుచేస్తే, రోగి కొద్ది రోజుల్లో మెదడులో రక్తస్రావంతో పోయేవాడు. నేను చదువుకునే రోజుల్లో దాన్ని చూస్తే సీనియర్ల మొహాలు మారిపోయేవి. షాంఘైలో వాంగ్ జెన్‌యి అనే వైద్యుడు లియో సాక్స్ మాటలు మనసుకు ఎక్కించుకున్నవాడు. విటమిన్-ఎ నుంచి వచ్చే ఆల్-ట్రాన్స్ రెటినాయిక్ ఆమ్లాన్ని ఈ రోగులకు ఇచ్చాడు. 1988లో ఆయన బృందం 24 మంది గురించి రాసింది. అందరిలోనూ జబ్బు తగ్గింది, ఒక్కరికి తప్ప వేరే కీమో అవసరం పడలేదు.

ఆ చికిత్స నడుస్తున్నప్పుడు స్లైడు చూడడం నా వృత్తి జీవితంలో మరువలేని అనుభవం. ఈ జబ్బు కణాల్లో ఔయర్ రాడ్లని ఎర్రటి సూదుల్లాంటివి ఉంటాయి. క్యాన్సర్ కణానికే ఉండే గుర్తు అది. మందు మొదలుపెట్టిన రెండో వారంలో, కేంద్రకం చక్కగా తమ్మెలు తమ్మెలుగా విడిన ఎదిగిన న్యూట్రోఫిల్ కనిపించింది. దాని లోపల ఆ ఎర్ర సూది ఉంది. నేను కుర్చీలోంచి లేచాను. చచ్చిపోయిన క్యాన్సర్ కణం స్థానంలో వేరే మంచి కణం వచ్చిందనుకునే వీల్లేదు. ఆ క్యాన్సర్ కణమే ఎదిగి పెద్దదైంది. అలా ఎదిగిన న్యూట్రోఫిల్ కొద్ది రోజులు పనిచేసి, అన్నిటిలాగే తన వేళకు పోతుంది.

దాని వెనక ప్రోటీన్ కూడా తేలింది. విటమిన్-ఎ ఆమ్లాన్ని అందుకునే గ్రాహకం ఇంకో ప్రోటీన్‌తో అతుక్కుపోయి, ఎదుగుదల జన్యువుల మీద తాళం వేస్తోంది. మామూలు మోతాదుకు ఆ తాళం రాదు, మందు మోతాదుకు వస్తుంది. ఆర్సెనిక్ ఆ అతుకుల ప్రోటీన్‌నే కరిగిస్తుంది. దీన్ని చైనాలో హార్బిన్ వైద్యులు మొదలుపెట్టారు. చిత్తూరు జిల్లావాళ్ళు ఇంటి ఆసుపత్రిలా వెళ్ళే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, కొత్తగా జబ్బు తేలినవారికి ఆర్సెనిక్ ఒక్కదానితోనే చికిత్స చేసి, ఆ ఫలితాలను 2006లో ప్రపంచానికి చెప్పారు. ఈ రెండు మందులూ కలిసి, ఒకప్పుడు మా సీనియర్ల మొహాలు మార్చిన జబ్బును నూటికి తొంభైమందిలో నయమయ్యే జబ్బుగా చేశాయి.

సుబ్బారావుగారు ఒక విటమిన్‌ను అడ్డుకుని ల్యుకీమియాను వెనక్కి నెట్టారు. వాంగ్ ఒక విటమిన్‌ను అందించి దాన్ని ఎదిగించాడు. మొదటిది పెరుగుదలను పట్టుకోవడం, రెండోది ఎదుగుదలను విడిపించడం. విద్యార్థులారా, రెండో దారిలో మనం ఇప్పటికి గెలిచిన జబ్బులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మిగతావాటి తాళాలు మీకోసం ఉన్నాయి.

7

మైక్రోస్కోపులో చూసిన ఆ తల్లి దగ్గరికి తిరిగి వస్తాను.

లింఫోసైట్ ల్యుకీమియా బయటపడే వేళకు ఒంట్లో లక్ష కోట్ల జబ్బు కణాలుంటాయి. మొదటి నెల మందులకే జ్వరం పోతుంది, మచ్చలు పోతాయి, మైక్రోస్కోపుకు ఏమీ కనిపించదు. అయినా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండవచ్చు. అందుకే చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. ఎక్కువ భాగం ఇంటి దగ్గర మింగే మాత్రలే. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్. ఆ తల్లి వాకిట్లో గోడ కాలెండర్ మీద ప్రతి శనివారం చుట్టూ కుంకుమతో సున్నా చుట్టేది. మాత్ర వేశాక ఆ సున్నాను కొట్టేసేది. ఆరో నెలలో జుట్టు మొలిచి పిల్లవాడు బడికి వెళ్ళడం మొదలెట్టాక, బంధువులు "బాగానే ఉన్నాడు కదా, ఇంకెందుకు విషం?" అన్నారు. ఆమె కాలెండర్ ఆపలేదు.

చాలామంది ఆపేస్తారు. బస్సు ఛార్జీలు, కూలి పోవడం, నాటు వైద్యం మాటలు, పిల్లవాడు ఆడుకుంటున్నాడన్న ధైర్యం, అన్నీ కలిసి ఆపిస్తాయి. కొన్ని నెలలకు వాళ్ళు తిరిగి వచ్చినప్పుడు అదే స్లైడు, అవే ఊదారంగు గుండ్రాలు. రెండోసారి అవి మందుకు తేలిగ్గా లొంగవు.

ఇక్కడున్నవారిలో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు కూడా ఉండే ఉంటారు. వారికి ఒక్క మాట. అది వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ ఎండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళ మందుల డబ్బా ఇవాళ రాత్రే ఒకసారి తెరిచి చూడండి.

మీ వీధిలో, మీ బడిలో, మీ బంధువుల్లో ల్యుకీమియాకు మందు వాడుతున్న పిల్లవాడు ఉంటే, ఆ ఇంటికి వెళ్ళండి. బస్సు ఖర్చో, ఒక పూట తోడో, ఏది అవసరమైతే అది ఇవ్వండి. డాక్టరు ఆపమనేదాకా ఆ శనివారం మాత్రను ఆపనివ్వకండి. అది భీమవరంలో పుట్టిన ఒక మనిషి బృందం చేతుల్లోంచి వచ్చిన మందు.